దీపం వెలగకముందే తుడిచిన పలక

మార్కాపురంలో పుట్టినవాడికి పలక గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బలపంతో గీసిన గీత మీద నీళ్ళు పడితే అది మాయమవుతుంది, ఆరితే మళ్ళీ తేలుతుంది. రుద్దితేనే పోతుంది. అక్షరాలు దిద్దే పిల్లకాయను అడిగినా ఈ మాట చెబుతాడు. సాయిరాఘవకు తెలియదా? పలకల వ్యాపారి వీరరాఘవయ్య కొడుకు, పలకల గుట్టల మధ్యే పాకడం నేర్చుకున్నవాడు, ఆయనకు తెలియకపోవడమేమిటి! తెలిసీ ఆ మధ్యాహ్నం ఆయన చేసిన పని ఉంది చూశారూ, దాన్ని ఏ గంగలో కడిగినా పోదు.

పిల్లలు నోటుపుస్తకాల్లోకి మారి పలకల బేరం పడిపోయాక సాయిరాఘవ వెండి దుకాణం పెట్టాడు. బజారులో ముందు గది ఆయనది, గల్లాపెట్టె పక్కన భార్య సింధూజ. వెనక గది ఆదిశేషు ఆచారిది. ఆచారికి డెబ్భై దాటాయి. పట్టీలూ కుంకుమ భరిణెలూ చేసి చేసి ఆయన చేతులకు విసుగు పుట్టింది గానీ, ఆ చేతుల్లో ఉన్న పని అది కాదు. ఆయన తండ్రి సుబ్బన్న ఒకప్పుడు దివాణాలకు వెండి దీపాలు చేసినవాడు. హాలు నడిమధ్య గొలుసు మీద వేలాడే గుత్తిదీపాలు, గోడకు ఏనుగు తొండంలా వంగి ప్రమిదను పట్టుకునే కొమ్మదీపాలు. ఈ ప్రాంతపు దొరల బంగళాల్లో ఆయన చేతి దీపం వేలాడని హాలు హాలే కాదనేవారట.

ఆ దీపాలకు ముందు బొమ్మ గీయాలి. సుబ్బన్న కాగితం మీద గీసేవాడు కాదు. ఊళ్ళో పలకరాయికి కొదవా? గనిలోంచి కిటికీ తలుపంత రాయి తెప్పించి, నున్నగా తీయించి, దాని మీద బలపంతో దీపాన్ని దీపమంత సైజులో గీసేవాడు. దొర వచ్చి చూసి ఇక్కడ తీగ పెంచు, అక్కడ మొగ్గ తగ్గించు అంటే అంతవరకు తుడిచి మళ్ళీ గీసేవాడు. దీపం తయారై, దివాణంలో వేలాడదీసి వెలిగించిన రోజున, దొర తన చేత్తో ఆ పలకను రుద్ది తుడిచేసేవాడు. మా ఇంటి దీపం ఇంకో ఇంట్లో వెలగకూడదని ఆ పెద్దల పంతం. తుడిచాక ఆచారికి కొత్తబట్టలు పెట్టేవారు. అందుకే సుబ్బన్న గీసిన బొమ్మలు ఒక్కటీ మిగల్లేదు.

ఒక్కటి తప్ప. కొమరోలు అవతల పులికొండ దివాణానికి గీసిన గుత్తిదీపం. బొమ్మ పూర్తయిన ఏడాదే జమీందారీలు రద్దయ్యాయి. దొరకు వెండి మీద మోజు పోయింది, దీపం చేయించనే లేదు. చేయని దీపం బొమ్మను తుడవకూడదు గదా. సుబ్బన్న బొమ్మకు గుడ్డ తగలకుండా ఆ పలక చుట్టూ ఎత్తుగా చెక్క చట్రం బిగించి, దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టాడు. పోయేముందు కొడుకుతో ఒకటే చెప్పాడు, అది వెలిగినాకే తుడవాలని.

ఈ ఏడాది పులికొండ దివాణం కోడలు హరిచందన పాత బంగళాకు సున్నాలు వేయిస్తూ, హాల్లో మంచి వెండి దీపం ఉంటే బాగుంటుందని సాయిరాఘవకు ఫోన్ చేసింది. ఆ మాట చెవినపడ్డ ఆదిశేషు చేతిలోని పట్టీ అక్కడే వదిలేసి ఇంటికి పోయి, పలకను ఆటోలో వేసుకొని వచ్చాడు. వెనక గదిలో బల్ల మీద పెట్టి దుప్పటి తీశాడు. ఆయన కళ్ళకు అప్పటికే పొర కమ్మి ఉంది. బొమ్మ మీద చెయ్యి ఆనించకుండా వేళ్ళు గాల్లో తిప్పుతూ చూపించాడు.

"నాకు తెల్లతెల్లగా తప్ప కనపడదు సాయీ. ఆపరేషన్ చేయించుకొని వస్తా. కట్టు విప్పినాక మొదట చూసేది దీన్నే. నాయన చేయలేని దీపం నేను చేసి వేలాడదీస్తా. అంతవరకు నీ దుకాణంలో పెట్టుకో, మా ఇంట్లో మనవళ్ళ అల్లరి. ఒక్కటి మాత్రం, ఫోటో తియ్యాకు. ఇది ఒక్క ఇంటి బొమ్మ."

"అట్లనే మామా," అన్నాడు సాయిరాఘవ. అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

ఆదిశేషు ఆసుపత్రిలో ఉండగా హరిచందన మళ్ళీ ఫోన్ చేసింది. పైకప్పుకు కొక్కెం ఎక్కడ దిగ్గొట్టాలో చెప్పడానికి మేస్త్రీకి బొమ్మ కావాలట, ఫోటో పంపమంది. పెద్ద బేరం, పెద్దింటి మనిషి. ఒక్క ఫోటోకు ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాడు సాయిరాఘవ. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వెనక గదిలోకి పోయి, దుప్పటి తీసి, ఫోన్‌తో ఒక ఫోటో తీశాడు. గది చీకటి, ఫోన్ లైటు తళుక్కుమంది. చూసుకుంటే బొమ్మ చుట్టూ బాగానే పడింది గానీ, నడిమధ్య లైటు పడి తెల్లటి మచ్చ వచ్చింది.

రాయి దుమ్ముకొట్టుకుని తెల్లబడి ఉంది, మచ్చ అందుకే వచ్చిందనుకున్నాడు. ఆయన చిన్నప్పుడు నాయన ఫ్యాక్టరీలో రాయి రంగూ పగులూ చూడాలంటే దోసెడు నీళ్ళు చల్లేవాళ్ళు. తడిస్తే రాయి నల్లగా తేటపడుతుంది. బుర్ర ఆలోచించేలోపే చెయ్యి బాటిల్ అందుకుంది. నీళ్ళు పడ్డాయి. రాయి నల్లగా నిగనిగలాడింది, దాని మీద ఒక్క గీత లేదు.

అదే క్షణాన ముందు గదిలోంచి సింధూజ కేకేసింది, కస్టమర్ వచ్చారని. సాయిరాఘవకు కంగారు పుట్టింది. కాఫీ తాగినంత సేపు ఆ రాయిని దాని మానాన వదిలేసి ఉంటే గీతలన్నీ ఒక్కొక్కటే తేలి వచ్చేవి. నీళ్ళు తుడిస్తే బొమ్మ కనిపిస్తుందనుకున్నాడో, ఏమీ అనుకోలేదో, భుజం మీది తువ్వాలు తీసి అటూ ఇటూ రుద్ది ఆరబెట్టాడు. రాయి ఆరింది. తువ్వాలు తెల్లగా అయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, పసిపిల్లలకు తెలిసిన సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? దుప్పటి కప్పేసి, మొహం కడుక్కుని, ముందుకొచ్చి కస్టమర్‌కు వెండి గిన్నెలు చూపించాడు.

మూడోనాడు ఆదిశేషు నల్లద్దాలు పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. ఇంటికి కూడా పోలేదు, ఆసుపత్రి నుంచి నేరుగా దుకాణానికే. దుప్పటి తీసి, అద్దాలు తీసి, వంగి చూశాడు. చూసి చూసి, "పలక తిరగేసినారా సాయీ? ఇది వెనకవైపు మాదిరి ఉండాది" అన్నాడు.

సాయిరాఘవ ఇంకో చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ రాయిని తిరగేశారు. అటువైపూ నలుపే. ఆదిశేషు రాయి మీద అరచెయ్యి పెట్టి, చెయ్యి ఎత్తి, ఆ అరచేతిని చూసుకున్నాడు.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ విజయమ్మ నోరు విప్పింది. ఆమె దుకాణం ఊడ్చి తుడిచే మనిషి. ఆమె మొగుడు కరుణాకరం వీరరాఘవయ్య ఫ్యాక్టరీలోనే రాయి కోసేవాడు, ఆ దుమ్ముకు ఊపిరి చెడి ఇప్పుడు మంచంలో ఉన్నాడు. ఆమె చేతి పనితోనే ఇల్లు నడవాలి.

"పొద్దున పూట ఈ గదిలో బల్లలన్నీ నేనే తుడుస్తా సాయన్నా. మొన్న పొద్దున దుప్పటి జరిగి ఉంటే ఎత్తి సర్దినాను. చేతిలో తడిగుడ్డ ఉండె. తగిలిందేమో." ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుంది. "నాకు తెలీకుండా తగిలిందేమో సామీ."

"తగిలితే పోదమ్మా," అన్నాడు ఆదిశేషు మెల్లగా. "నీళ్ళు పడితే పోదు, ఆరితే వస్తుంది. ఇది ఎవురో గట్టిగా రుద్దినారు."

ఆ మాటకు విజయమ్మ తలొంచుకుంది. తన చేతినే తాను నమ్మలేని మనిషి ఇంకేం అంటుంది? సాయిరాఘవ తేలు కుట్టిన దొంగలా గోడ పక్కన నిలబడ్డాడు. అబద్ధం చెప్పలేదు. నేను కాదు అనలేదు, ఆమే అనీ అనలేదు. తర్వాత చాలా రోజులు ఆయన ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడాడు, నేను అబద్ధమైతే చెప్పలేదు గదా అని. పెద్దమనిషి! నోరు మూసుకోవడం కూడా ఒక మాటేనని ఆయనకు ఎవరు చెప్పాలి?

"ఈయమ్మ తిరిగే చోట నేను కూర్చోలేను సాయీ. తప్పు పట్టుకోవాకు. చూస్తే కడుపు రగులుతాంది," అని ఆదిశేషు పలకను మళ్ళీ ఆటోలో వేయించుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సాయిరాఘవ విజయమ్మతో, "కొన్నాళ్ళు రావాకు అక్కా, ఆయన కోపం చల్లారనీ" అన్నాడు. ఆమె చీపురు మూల పెట్టి, గుడ్డ పిండి తీగ మీద ఆరేసి పోయింది.

ఇక చూడాలి సాయిరాఘవ అవస్థ. అన్నం ముందు కూర్చుంటే పళ్ళెం నల్లగా కనపడేది. ఎవరైనా ఏమైందని అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. అన్నిటికంటే పెద్ద బాధ జోబులో ఉంది. ఆ ఒక్క ఫోటో. నడుమ మచ్చ ఉంటే ఉంది, చుట్టూ ఉన్న తీగలు, ఎనిమిది కొమ్మలు, తామరపూల ప్రమిదలు, పైన కిరీటం, కింద మామిడిపిందె, అన్నీ అందులో ఉన్నాయి. ఆదిశేషుకు చూపిస్తే దీపం మళ్ళీ గీయగలడు. కానీ చూపిస్తే ఫోటో తీసిన సంగతి బయటపడుతుంది, తీసిన పూట కూడా బయటపడుతుంది. విజయమ్మ దుప్పటి సర్దింది ఆనాటి పొద్దున. ఫోటో అదే నాటి మధ్యాహ్నానిది. చెరిపేద్దామని ఎన్నిసార్లు వేలు పెట్టాడో. చెరపలేకపోయాడు, చూపలేకపోయాడు, హరిచందనకు పంపనూ లేదు.

"ఎందుకట్ల ఉండావు?" అని సింధూజ అడిగితే, "వెండి ధర" అన్నాడు.

ఒకరోజు సింధూజే చెప్పింది, విజయమ్మ వాళ్ళ పాలెంలోని ప్రార్థన మందిరంలో ఆదివారం అందరి ముందర నిలబడి, నా చేతులతో ఒక పెద్దాయన నాయన గురుతును తుడిచేసినాను, నాకోసం ప్రార్థన చేయండని ఏడ్చిందట. "పాపం, ఇప్పుడు ఎవురి ఇంట్లో పనికి పిలిచినా సామాను ముట్టాలంటే భయపడతాందంట," అంది. సాయిరాఘవ లేచి బయటికి పోయి ఊరికే బజారంతా తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే విజయమ్మ దుకాణం మెట్ల దగ్గరికి వచ్చింది. చేతిలో గంపెడు సీతాఫలాలు. కొండ మీద కోసుకొచ్చినవి, ఒక్కొక్కటి పిడికిలికి పట్టనంత. మెట్టు ఎక్కలేదు.

"ఇవి ఆదిశేషయ్యకు ఇయ్యండి సాయన్నా. నేనిచ్చినానని చెప్పొద్దు, తీసుకోడు. కళ్ళ ఆపరేషన్ చేయించుకున్న మనిషి, తియ్యగా తింటాడు."

సాయిరాఘవ ఆ గంపను చూశాడు. "నువ్వూ రా అక్కా," అన్నాడు. "నేను రాను, ఆయన..." "రా. నేను చెప్తాండా గదా." గంప తనే అందుకుని ముందు నడిచాడు.

ఆదిశేషు ఇంటి అరుగు మీద ఆ నల్లరాయి గోడకు ఆనించి ఉంది. ముసలాయన దాని ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఎదురుచూసే మనిషిలాగా. విజయమ్మను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె వాకిట్లోనే ఆగిపోయింది.

"మామా," అన్నాడు సాయిరాఘవ, గంప అరుగు మీద పెట్టి. "ఆమె తుడవలేదు. నేను తుడిచినా."

చెప్పేశాడు. ఇన్నాళ్ళూ మెడలో కట్టుకున్న బండరాయి ఊడిపడిందనుకున్నాడు. ఆదిశేషు చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. కొత్త కంటితో, కిందికీ పైకీ చూశాడు. ఆ తర్వాత ఆ మొహం మెత్తబడింది.

"మీ నాయన పోలికే నీది," అన్నాడు. "ఫ్యాక్టరీలో కూలోడు రాయి పగలగొడితే, నేనే పగలగొట్టినాను పోనీలే అనేవాడు. ఆడమనిషి పొట్ట కొట్టడం ఎందుకని నెత్తిన వేసుకుంటాండావు. నాకు తెలీదా?"

"అది కాదు మామా..."

"మీరెందుకు సాయన్నా నాకోసం ఇట్ల," అంటూ విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు. "ఇంత మంచి మనిషికి నా వల్ల మాట వచ్చె."

ఆదిశేషు పెద్ద నిట్టూర్పు విడిచాడు. "సరేలే. నువ్వు ఇంత దూరం వచ్చినాక నేను పట్టుబట్టి ఏం చేసేది. పనిలో పెట్టుకో ఆమెను. పోయింది ఎట్లాగూ పోయింది. రామ్మా, పైకి రా."

చూశారా, దేవుడు మనిషిని ఎట్లా పరీక్షిస్తాడో! అన్నీ సర్దుకున్నాయి. విజయమ్మకు పని దొరికింది, ముసలాయన కోపం పోయింది, సాయిరాఘవకు నిజం చెప్పిన పుణ్యమూ దక్కింది, పైగా పదిమంది చెప్పుకునే మంచిపేరూ వచ్చింది. ఇంకేం కావాలి? ఇక్కడ నోరు మూసుకుంటే చాలు. ఆ పని ఆయనకు బాగా అలవాటే. అరుగు మీద కూర్చుని ఒక సీతాఫలం తిని ఇంటికి పోతే అయిపోయె. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయనకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఆ హాయిని చూసుకునే ఆయనకు తన మీద అసహ్యం పుట్టింది.

జోబులోంచి ఫోన్ తీసి, ఫోటో తెరిచి, ఆదిశేషు చేతికిచ్చాడు.

"ఫోటో తియ్యొద్దన్నావు. తీసినా. లైటు పడిందని నీళ్ళు పోసినా, భయమేసి తువ్వాలతో రుద్దినా. నువ్వు కట్టు విప్పుకుని రాకముందు తీసింది, ఆమె దుప్పటి సర్దిన నాటి మధ్యాహ్నమే. ఆమె పొద్దున తుడిచిపోయినాక."

ఆదిశేషు ఫోన్‌ను కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. బొటనవేలు అద్దం మీద తీగ వెంబడి కదిలింది. చూసి, ఏమీ అనకుండా ఫోన్‌ను విజయమ్మ వైపు తిప్పాడు. ఆమె అరుగు దగ్గరికి వచ్చి వంగింది. తెల్లటి గీతలు, కొమ్మలు, పూలు.

"ఇన్ని దినాలు ఇది మీ జోబులోనే ఉన్నిందా?" అంది.

సాయిరాఘవ తలూపాడు.

"నేను ఆదివారం అందరి ముందర చెప్పుకున్నాను."

"తెలుసు అక్కా. వచ్చే ఆదివారం నేను వస్తా. అదే చోట నిలబడి చెప్తా."

"రండి," అంది ఆమె. ఆ గొంతులో ఇందాకటి తడి లేదు. "తప్పకుండా రండి. పనికి కూడా వస్తా, ఇంట్లో మంచం పట్టినాయన ఉండాడు గదా. ఆ వెనక గది మాత్రం నేను ముట్టను. అది మీరే తుడుచుకోండి."

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండునని సాయిరాఘవ అనుకున్నాడు. ఆమె అరుగు చివర కూర్చుంది. ఆదిశేషు గంపలోంచి మెత్తటి పండు ఒకటి ఏరి, రెండుగా విప్పి, సగం ఆమె చేతిలో పెట్టాడు. "పొరపాటు పడినా తల్లీ," అన్నాడు. సాయిరాఘవ వైపు ఎవరూ చూడలేదు.

తర్వాత ముసలాయన చెయ్యి తుడుచుకుని, లోపల్నుంచి బలపం తెచ్చుకుని, ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టి, నల్లరాయి మీద గీయడం మొదలుపెట్టాడు. మొదట కిరీటం. దాని కింద గొలుసు. ఒక కొమ్మ, దానికి జతగా ఇంకో కొమ్మ, తామరపూలు. గీత ఎక్కడా వణకలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే దీపం రాయి మీదికి తిరిగి వస్తోంది. సాయిరాఘవకు ఊపిరి ఆడింది. పోయిందంతా వచ్చేస్తుందనుకున్నాడు.

నడిమధ్యకు వచ్చేసరికి బలపం ఆగింది.

"ఈడ తెల్లగా పడింది," అన్నాడు ఆదిశేషు. "ఈడ చిలకల జత ఉండాలి, చిన్నప్పుడు చూసినా, మళ్ళీ దుప్పటి విప్పింది లేదు. ఎదురెదురుగా ఉన్నాయా, ఎడమొహం పెడమొహంగా ఉన్నాయా, ముక్కున ఏం పట్టుకున్నాయి, గుర్తు రావడం లేదు. నాయన దాని మీదే ఎక్కువ రోజులు కూర్చున్నాడంట." ఆయన వెనక్కి తిరిగాడు. "దాన్ని కడపట చూసిన కన్ను నీది సాయీ. దగ్గర నిలబడి చూసినావు. చెప్పు, చిలకలు ఎట్లున్నాయి?"

సాయిరాఘవ కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి తీసింది గుర్తుంది. ఫోన్ ఎత్తింది గుర్తుంది. నీళ్ళు పడటం, సింధూజ కేక, తువ్వాలు, అన్నీ గుర్తున్నాయి. చిలకలు లేవు. ఎంత వెతికినా లేవు. విజయమ్మ కూడా పండు తినడం ఆపి ఆయన్నే చూస్తోంది.

"గుర్తు లేదు మామా," అన్నాడు. "నేను బొమ్మను చూడలేదు. ఎంత వెండి పడుతుందో లెక్కేసుకుంటా ఉన్నా."

ఆదిశేషు మళ్ళీ ఆ ఖాళీ నలుపు వైపు తిరిగాడు.

"అట్లయితే ఆ జాగా అట్లనే ఉండనీ," అన్నాడు. "దీపంలో కూడా ఖాళీగానే వదుల్తా. దివాణంలో దాని కింద నిలబడి ఎవురన్నా ఈడేముండేదని అడిగితే, చెప్పేది నువ్వే."

అని, మళ్ళీ రాయి మీదికి వంగి, కింది మామిడిపిందె గీయసాగాడు.